డై ఎక్కించి తీసే సీటీ స్కాన్: జనవరిలో దద్దుర్లు, జూలైలో షుగర్

నాకు 47 ఏళ్లు, ఉండేది పరకాల. షుగర్ ఉంది, రోజూ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసి ఉన్న మాత్ర వేసుకుంటా. 2025లో జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కిడ్నీ కోసం డై, అంటే స్కాన్‌లో తెల్లగా కనిపించేలా నరంలోకి పంపే మందు, ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. మొదటిసారి దద్దుర్లు లేచాయి. మళ్లీ అదే స్కాన్ తీయించుకోవాలి అన్నాక ఎవరిని అడిగినా సగం సగం మాటలే. "ఏం కాదు పో" అనేవాళ్లు కొందరు, "ఒకసారి పడనిది మళ్ల ఎక్కించుకుంటే పాణం మీదికొస్తది" అని బెదరగొట్టేవాళ్లు కొందరు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఒక మాట ముందే చెప్తా. మొదటిసారి డై వల్ల నేను పడ్డ ఇబ్బంది రెండు గంటల్లో సర్దుకుంది. రెండోసారి ఆ రియాక్షన్ రాకుండా ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలతోనే ఎక్కువ సతమతమయ్యా, స్కాన్ సెంటర్లో ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

డిసెంబరులో ఎడమ పక్క నడుము నొప్పి అని పరకాలలోనే అల్ట్రాసౌండ్ తీయించుకుంటే, కిడ్నీలో నీటితిత్తి ఉంది, లోపల సన్నగా గోడల్లాంటివి కనిపిస్తున్నాయి, పెద్ద డాక్టర్‌కి చూపించుకోండి అన్నారు. సంక్రాంతి అయిపోయాక హనుమకొండలో నక్కలగుట్ట దగ్గర యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఫీజు 500. ఆయన ఓపిగ్గా చెప్పారు. లోపల ఉత్త నీళ్లే ఉంటే పట్టించుకోవాల్సిన పని లేదట, గోడలు ఉన్నాయి కాబట్టి ఆ గోడలకి రక్తం పోతుందా లేదా చూడాలట. అది డై ఎక్కించి తీస్తేనే తెలుస్తుంది. డైకి ముందు ఒకసారి, తర్వాత మళ్లీ తీసి ఆ చోట తెలుపు ఎంత పెరిగిందో అంకెల్లో పోలుస్తారు, 20 గానీ ఆపైన గానీ పెరిగితే రక్తం అందుతున్నట్టే లెక్క. "డై లేకుండా తీస్తే సగం ఖర్చేగా సార్" అని మా ఆయన అడిగారు. "తీయొచ్చు, కానీ నాకు కావాల్సిన జవాబు అందులో ఉండదు" అన్నారు డాక్టర్. మీకు కూడా డై అన్నారంటే ఎందుకు అని ఒకసారి అడగండి, రెండు నిమిషాల్లో చెప్తారు, ఆ తర్వాత భయం కొంత తగ్గుతుంది.

హనుమకొండలోనే ఒక స్కానింగ్ సెంటర్‌కి చిట్టీ రాశారు. దాని పేరు రాయను. ముందు క్రియాటినిన్ టెస్టు చేయించాలి, కిడ్నీలు బాగుంటేనే డై ఎక్కిస్తారు. నా దగ్గర నవంబరు రిపోర్టు ఉంది కదా అంటే పాతది చెల్లదు, మళ్లీ చేయించండి అన్నారు. 200 పోయింది, ఇంకో రెండు గంటలు కూడా పోయాయి. 0.8 వచ్చింది. దాని పక్కనే ఈజీఎఫ్‌ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది, కిడ్నీ ఎంత బాగా వడకడుతుందో అది చెప్తుందట, నాది 90 దాటింది. స్కాన్‌కి జనవరి 22, పొద్దున 11 గంటలకి రమ్మన్నారు, నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దు, నీళ్లు తాగొచ్చు. స్కాన్ రోజు, తర్వాత రెండు రోజులు షుగర్ మాత్ర ఆపేయమన్నారు. మొత్తం 7,800 డైతో కలిపి.

ఆ రోజు ఏడింటికల్లా రెండు ఇడ్లీ తిని బస్సెక్కాం. గుడెప్పాడ్ దగ్గర ట్రాఫిక్ ఆగి అరగంట ఆలస్యం, అయినా తొందరపడాల్సింది లేకపోయింది, మా వంతు వచ్చేసరికి ఒంటిగంట. ముందు ఒక ఫారం ఇచ్చారు, మొత్తం ఇంగ్లిషు. ఆస్తమా ఉందా, ఇంతకుముందు ఏ ఇంజెక్షన్ అయినా పడలేదా, థైరాయిడ్ ఉందా, కిడ్నీ జబ్బు ఉందా, ఇవీ ప్రశ్నలు. పక్క కుర్చీలో ములుగు దిక్కు నుంచి వచ్చిన అవ్వ కూర్చుంది, ఆమె మనవడు చదవకుండానే అన్నిటికీ లేదు అని టిక్కులు పెట్టేస్తుంటే అవ్వే ఆపి "ఓరి, నాకు దమ్ము ఉన్నది కదరా, గది రాయవా" అంది. ఆ ఒక్క మాటతో ఆమెను పక్కన కూర్చోబెట్టి డాక్టర్‌ని పిలిచారు. ఆస్తమా ఉన్నవాళ్లకి రియాక్షన్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువట, అందుకే ముందే జాగ్రత్త పడతారు. ఫారం మీకు చదవరాకపోతే చదివి చెప్పమని అక్కడి సిస్టర్‌నే అడగండి, నామోషీ అనుకోవద్దు.

సూది విషయం. మామూలుగా గ్లూకోజ్ ఎక్కించడానికి చేతి వెనక పెట్టే సన్న సూది దీనికి సరిపోదు. డైని మిషన్ తోస్తుంది, సెకనుకి మూడు నాలుగు మిల్లీలీటర్ల వేగంతో, అందుకని మోచేతి మడతలో లావు నరం చూసి గులాబీ రంగు మూత ఉన్న సూది పెట్టారు. నా నరాలు దొరకవు, ఎప్పుడూ ఇంతే, కుడి చేతికి గుచ్చి తీసి ఎడమ చేతికి పెట్టారు. తర్వాత సెలైన్ గట్టిగా తోసి చూసి "నొప్పి ఉందా అమ్మా, వాపు వస్తుందా" అని అడిగారు. ఇక్కడ మొహమాటపడి ఊరుకోవద్దు. సూది నరంలోంచి జారి డై కండలోకి పోతే చెయ్యి ఉబ్బిపోతుంది, ఐసు పెట్టి చెయ్యి ఎత్తి పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. చీరకున్న పిన్నీసులు, గాజులు, మెడలో గొలుసు అన్నీ తీయించి, గౌను ఇచ్చారు. ఒక లీటరు నీళ్లు కూడా తాగించారు, కడుపు స్కాన్ కాబట్టి.

అందరూ డై, కలర్ అంటుంటే నేను సిరాలాంటిది ఏదో ఎక్కిస్తారనుకున్నా. సీసా చూస్తే లోపల నీళ్లలాగే ఉంది, కొంచెం చిక్కగా. మూత్రం రంగు కూడా మారలేదు, ఇది చాలామంది అడిగారు కాబట్టి చెప్తున్నా.

బల్ల మీద పడుకోబెట్టి రెండు చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. మొదట డై లేకుండా ఒకసారి తీశారు. మిషన్‌లో రికార్డు చేసిన గొంతు హిందీలో ఊపిరి పీల్చండి, ఆపండి అంటుంది. నాకు అర్థమైంది, అర్థం కాని వాళ్లకి టెక్నీషియన్ అబ్బాయి మైకులో తెలుగులో చెప్తున్నాడు. ఆ తర్వాత "ఇప్పుడు డై పోతుందమ్మా, వేడిగా అనిపిస్తది, మూత్రం పోయినట్టు అనిపిస్తది, పోదు, కదలొద్దు" అన్నాడు. ఈ మాట ముందే చెప్పినందుకు ఆ అబ్బాయికి దండం పెట్టాలి. ఎందుకంటే నాలుగైదు సెకన్లకి చేతిలోంచి గొంతులోకి, గొంతులోంచి పొట్టలోకి, అక్కడినుంచి కిందికి వేడి సర్రున దిగింది, నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి, నిజంగానే గౌను తడిసిపోయిందేమో అనుకున్నా. తడవలేదు. నిమిషం కూడా కాకముందే వేడి తగ్గింది. ఇదంతా రియాక్షన్ కిందికి రాదట, దాదాపు అందరికీ అయ్యేదే. బల్ల మళ్లీ మళ్లీ లోపలికి పోయి వచ్చింది, చివరి ఫొటోకి ముందు కొన్ని నిమిషాలు ఊరికే పడుకోబెట్టారు, డై కిడ్నీలోంచి మూత్రంలోకి దిగేదాకా.

ఆ పడుకున్నప్పుడే మొదలైంది. ముందు వరసగా తుమ్ములు. ఏసీ చల్లదనానికి అనుకున్నా. తర్వాత మెడ వెనక దురద, గోక్కుందామంటే చేతులు తల వెనక ఉన్నాయి, కదలొద్దు అన్నారు. ఓర్చుకుని చివరి ఫొటో అయ్యాక లేచి చూసుకుంటే మోచేతి లోపలి వైపు, పొట్ట మీద దోమ కుట్టినట్టు ఎర్రగా ఉబ్బులు, చూస్తుండగానే ఒకదానితో ఒకటి కలిసిపోయి రూపాయి బిళ్లంత అయ్యాయి. టెన్షన్‌కి గుండె దడదడలాడింది. సిస్టర్ వచ్చి మొదట అడిగింది దురద గురించి కాదు, "ఊపిరి ఆడుతుందా, గొంతు పట్టేసినట్టు ఉందా, కళ్లు తిరుగుతున్నాయా" అని. అవేవీ లేవు. బీపీ చూసింది, వేలికి క్లిప్పు పెట్టింది, సూది ఇంకా చేతికే ఉంది కాబట్టి అందులోంచే అవిల్ అనే ఎలర్జీ మందు, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. రేడియాలజీ డాక్టర్ కూడా వచ్చి చూసి, ఇది చిన్న రియాక్షన్, చర్మం వరకే ఉంది, ఊపిరి గానీ బీపీ గానీ దెబ్బతింటే అప్పుడు అడ్రినలిన్ ఇస్తాం, ట్రేలో రెడీగా ఉంటుంది, మీకు ఆ అవసరం లేదు అన్నారు. ఇరవై నిమిషాల్లో దురద సగం తగ్గింది, మిగతా దద్దుర్లు అణిగిపోయేసరికి గంటన్నర. స్కాన్ కాగానే సూది పీకించుకుని బస్టాండుకి ఉరికే వాళ్లని చూశా. అరగంట దాకా అక్కడే ఉండమని, సూది తీయొద్దని చెప్పేది ఇందుకే. పెద్ద రియాక్షన్లు ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తాయట. ఆ మందులకి 340 వేరే బిల్లు వేశారు. మా ఆయన గొణిగారు గానీ నేను కట్టేయమన్నా.

ఇక్కడే ఒక పని చేయించుకున్నా, రెండోసారికి అదే అక్కరకొచ్చింది. నాకు పడని మందు పేరేంటో రాసివ్వమని అడిగా. బిల్లులో "కాంట్రాస్ట్" అని ఉంది అంతే. కౌంటర్ అబ్బాయి "అయోడిన్ ఎలర్జీ అని చెప్పండి చాలు" అన్నాడు. రేడియాలజీ డాక్టర్‌నే పట్టుకుంటే ఆమె అది తప్పు అన్నారు. అయోడిన్ మనం రోజూ తినే ఉప్పులో ఉంటుంది, ఎవరికీ దానికి ఎలర్జీ రాదు, పడనిది ఆ మందు తయారీ మొత్తానికి, అయోడిన్ అణువుకి కాదు, అందుకే మందు పేరే కావాలి అన్నారు. ఖాళీ సీసా చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపించి ఫోన్‌లో ఫొటో తీసుకున్నా. అయోహెక్సాల్ 350, వంద మిల్లీలీటర్లు, బ్యాచ్ నంబరుతో సహా. ఆమె రిపోర్టు కిందే రెండు లైన్లు రాశారు, ఏ మందు, ఎన్ని నిమిషాలకి, ఏం వచ్చింది, ఏం ఇస్తే తగ్గింది అని.

రిపోర్టు మర్నాడు సాయంత్రం వచ్చింది. బోస్నియాక్ 2ఎఫ్ అని రాశారు, తిత్తిని ఎంత అనుమానించాలో చెప్పే గ్రేడు అది. గోడలకి పెద్దగా రక్తం పోవట్లేదు, కోయాల్సిన పని లేదు, కానీ ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత ఏటా, మొత్తం అయిదేళ్లు కన్నేసి ఉంచాలి అన్నారు. ఏం లేదన్న సంతోషం బయటికి వచ్చేదాకా కూడా నిలవలేదు, మళ్లీ మళ్లీ డై అన్నమాట.

ఇంటికొచ్చాక సలహాలు మొదలు. పక్కింటి అత్తమ్మ "మృగశిర కార్తెకు చేపలు తిన్నవు కదా బిడ్డా, గా చేపలు, రొయ్యలు పడనోళ్లకు ఈ సూది పడదట" అంది. జనవరిలో దద్దుర్లకి జూన్‌లో తిన్న చేపలు ఎట్లా కారణమో నాకర్థం కాలేదు గానీ, చేపలు రొయ్యలు పడకపోవడానికీ ఈ డైకీ సంబంధం లేదని తర్వాత ఇద్దరు డాక్టర్లు చెప్పారు. మా ఇంట్లో చేపలు ఆపలేదు.

జూన్ చివరలో మళ్లీ యూరాలజీ డాక్టర్ దగ్గరికి. దద్దుర్ల సంగతి చెప్పి ఫొటో చూపించా. ఎంఆర్‌ఐ చేయొచ్చు, అందులో వాడేది గడోలినియం, దీనికి సంబంధం లేని మందు, కానీ మొదటి స్కాన్‌తో పక్కపక్కన పెట్టి చూడటానికి ఈ ఒక్కసారి సీటీయే కావాలి అన్నారు. రెండు జాగ్రత్తలు చెప్పారు. ఒకటి, మందు మార్చడం, ఈసారి అయోడిక్సనాల్ 320. రెండోది ముందు మాత్రలు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 50 మిల్లీగ్రాములు స్కాన్‌కి 13 గంటల ముందు, 7 గంటల ముందు, గంట ముందు, దాంతోపాటు గంట ముందు అవిల్. ఇంత చేసినా రాదని గ్యారంటీ లేదు, చాలావరకు ఆపుతుంది అని కూడా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

జూలై 23 పొద్దున 10 గంటలకి టైము తీసుకున్నాం. ఫోన్‌లో అదే కౌంటర్ అబ్బాయి, "అవన్నీ ఎందుకు మేడమ్, వచ్చాక అయిదు నిమిషాల ముందు ఒక ఇంజెక్షన్ ఇస్తాం అయిపోద్ది" అన్నాడు. స్టెరాయిడ్ అట్లా పనిచేయదు, ఒంట్లో దాని పని మొదలవ్వడానికే గంటలు పడుతుంది, అయిదు నిమిషాల ముందు ఇస్తే ఇచ్చినట్టు అనిపించడం తప్ప ఉపయోగం లేదు. నేను రేడియాలజీ డాక్టర్‌కి లైన్ ఇవ్వమన్నా, ఆమె యూరాలజీ డాక్టర్ రాసినట్టే వేసుకురండి అన్నారు.

ఇక షుగర్. నాకే డౌట్ వచ్చి మా షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేశా. స్టెరాయిడ్ వేస్తే షుగర్ పెరుగుతుంది, అదే సమయంలో మెట్‌ఫార్మిన్ ఆపమంటారు, నాది కలిపిన మాత్ర కాబట్టి ఆపితే గ్లిమెపిరైడ్ కూడా ఆగిపోతుంది. అంటే పెంచేది వేసుకుంటూ తగ్గించేవి రెండూ మానేసినట్టు. ఆయన విని, అసలు మీ కిడ్నీలకి మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన పని లేదు, ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే కింద ఉన్నవాళ్లకి ఆపాలి అన్నారు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేస్తుందని కాదట, డై వల్ల కిడ్నీ నెమ్మదిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుందని ఆ జాగ్రత్త. కానీ సెంటర్ వాళ్లు ఒప్పుకోలేదు, మా రూలు మాది అన్నారు. చివరికి ఆయన గ్లిమెపిరైడ్ ఒక్కటే ఉన్న మాత్ర వేరే రాసిచ్చారు, స్కాన్ రోజు పొద్దున ఖాళీ కడుపుతో వద్దు, తిన్నాక వేసుకోండి, రోజుకి నాలుగుసార్లు చూసుకోండి, 400 దాటినా వాంతులైనా ఫోన్ చేయండి అన్నారు. కలిపిన మాత్ర వేసుకునే షుగర్ వాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు కదా, మాత్ర వెనకాల పేర్లు ఒకసారి చదువుకోండి.

మాత్రలు యాభై రూపాయలు కూడా కాలేదు. 20వి రెండు, 10ది ఒకటి కలిపితే ఒక డోసు. నోట్లో పెట్టగానే కరిగి చేదు, చాలాసేపు పోదు. 22 రాత్రి తొమ్మిదింటికి మొదటిది, అన్నం తిన్నాక. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచి, పాలు తాగి రెండోది. ఆ తర్వాత నిద్ర అనేది లేదు. కళ్లు మూసుకుంటే బుర్ర తిరుగుతూనే ఉంటుంది, ఎప్పుడో పదేళ్ల కింద చీటీలో మునిగిన డబ్బులు కూడా గుర్తొచ్చాయి. అయిదింటికి లేచి వంటిల్లు మొత్తం కడిగేశా. మొహం వేడెక్కి ఎర్రబడింది, ఆకలి విపరీతం, తినొద్దన్న రోజే ఈ ఆకలి.

వాన పడుతోంది. ఏడున్నరకి కారు మాట్లాడుకుని బయల్దేరాం, అవిల్ వల్ల నిద్రొస్తుంది, బస్సులో వద్దని మా ఆయన పట్టుపట్టారు. తొమ్మిదింటికి సెంటర్లోనే మూడో డోసు, అవిల్ ఇంజెక్షన్. అప్పటికే షుగర్ 218. పదింటికి అని చెప్పింది, యాక్సిడెంట్ కేసు ఒకటి రావడంతో పదకొండుంబావు అయింది, టైము దాటితే మాత్రల పని పోతుందేమోనని నేను కంగారుపడ్డా, గంట అటూ ఇటూ అయితే ఏం కాదు అన్నారు. 9,200 అయింది, ఈ మందు ఖరీదు ఎక్కువ.

డై ఎక్కించే ముందు వరకూ సిస్టర్ నా పక్కనే నిలబడింది. ఈసారి వేడి ఉంది గానీ జనవరి వేడిలో సగం కూడా లేదు. ఈ మందు గాఢత రక్తంతో సమానంగా ఉంటుంది కాబట్టి వేడి తక్కువ తెలుస్తుందట. తుమ్ములు రాలేదు. దురద వస్తుందేమో అని ఒళ్లంతా చెవులు చేసుకుని పడుకున్నా, రాలేదు. బయట గంటసేపు కూర్చోబెట్టారు, అవిల్ మత్తుకి కుర్చీలోనే తల వాల్చేశా. లేపి ఇంటికి పొమ్మన్నారు.

డై తంటా తప్పిందనుకుంటే షుగర్ మొదలైంది. ఇంటికొచ్చి ఆకలికి ఆగలేక అన్నం, పప్పు, పైన పెరుగు, బాగానే తిన్నా, గ్లిమెపిరైడ్ వేసుకున్నా. నాలుగింటికి చూస్తే 334. నా జన్మలో 260 దాటింది లేదు. నోరు పిడచకట్టుకుపోవడం, పది నిమిషాలకోసారి బాత్రూం. డై పోవడానికి నీళ్లు ఎక్కువ తాగమన్నారు, దాహానికి ఎలాగూ తాగుతున్నా, ఏది దేనికో తెలియదు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, మామూలే, స్టెరాయిడ్ షుగర్ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎక్కువ ఉంటుంది, పొద్దున తగ్గుతుంది, రాత్రికి అన్నం వద్దు, జొన్న రొట్టె ఒకటి, కూర ఎక్కువ అన్నారు. రాత్రి 290. మర్నాడు పొద్దున 190, సాయంత్రం మళ్లీ 236. 25 నుంచి నా మామూలు అంకెలు. ఆ రాత్రి పాత మాత్ర మళ్లీ మొదలుపెట్టా.

అయిపోయింది అనుకున్న రోజే, అంటే 25 సాయంత్రం, పొట్ట మీద, వీపు మీద చిన్న చిన్న ఎర్రటి పొక్కులు. జనవరిలో లేచినట్టు ఉబ్బులు కావు, చెమటకాయల్లాగా గరుగ్గా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత డై రియాక్షన్ ఏంటి, పప్పు పడలేదేమో అంది మా వదిన. ఫొటోలు తీసి రేడియాలజీ డాక్టర్‌కి పంపితే, గంట తర్వాత నుంచి వారం దాకా ఎప్పుడైనా ఇలా చర్మం మీద రావచ్చు, ఈ రకం మందుతో ఇవి కొంచెం ఎక్కువే చూస్తాం అన్నారు. జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు పడినా, చర్మం బొబ్బలెక్కినా వెంటనే వచ్చేయాలి, లేకపోతే రాత్రి సెటిరిజిన్, పైన కాలమైన్ చాలు. అంతే వాడా. వారంలో పొట్టు రాలినట్టు రాలి పోయాయి. దురద మాత్రం రాత్రిళ్లు బాగా సతాయించింది, నూలు చీర తప్ప ఏదీ కట్టుకోలేకపోయా. దీన్ని కూడా రాయించా, పాత కాగితం కిందే, మందు పేరు, తేదీ, ఎన్నో రోజున వచ్చింది అని. ఆ కాగితం ఫొటో నా ఫోన్‌లో, మా ఆయన ఫోన్‌లో, మా పాప ఫోన్‌లో ఉంది.

రిపోర్టులో మార్పు ఏమీ లేదు, తిత్తి పెరగలేదు, గోడలు మందం కాలేదు. ఇంకో స్కాన్ జనవరిలో. ఈసారి ఎంఆర్‌ఐయే చేద్దాం అన్నారు యూరాలజీ డాక్టర్, దానికైతే ఈ మూడు డోసుల మాత్రలు అక్కర్లేదట. 11 వేల దాకా అవుతుందని, అరగంటకి పైగా గొట్టంలో కదలకుండా పడుకోవాలని చెప్పారు. షుగర్ మాత్ర ఆపాలా అని అడిగా. అక్కర్లేదన్నారు. ఆ మాట చిట్టీ మీద రాయించుకునే బయటికి వచ్చా, కౌంటర్ దగ్గర మళ్లీ మా రూలు మాది అంటే చూపించడానికి.